పర్సీనా, అరీతానా?

ఏడిపించే మనిషిని వదలలేని ప్రేమ మీద సోల్ సంగీతంలో (అమెరికా నల్లజాతి గాయకుల నుంచి పుట్టిన పాటల శైలి) పాటలకు కొదవ లేదు. నా లెక్కలో పోటీ రెండింటి మధ్యే: పర్సీ స్లెడ్జ్ ‘వెన్ ఎ మ్యాన్ లవ్స్ ఎ ఉమన్’ (1966), అరీతా ఫ్రాంక్లిన్ ‘ఐ నెవర్ లవ్డ్ ఎ మ్యాన్’ (1967). రెండూ అమెరికాలోని అలబామా రాష్ట్రంలోనే రికార్డయ్యాయి. రెండింట్లోనూ కీబోర్డు వాయించింది స్పూనర్ ఓల్డ్‌హామే.

పర్సీ పాటలో ఆర్గాన్ చర్చిలోలా నిదానంగా సాగుతుంది. ప్రియురాలిని ఒక్క మాటంటే ఆ పాటలోని ప్రేమికుడు ప్రాణస్నేహితుడినైనా వదులుకుంటాడు, ఆమె చెబితే వానలోనైనా పడుకుంటాడు. అప్పట్లో అమెరికా పాప్ పట్టికలో (ఆదరణను బట్టి పాటలకిచ్చే ర్యాంకుల జాబితాలో) మొదటి స్థానం దీనిదే. గొంతు అద్భుతం, కానీ ఆ ప్రేమికుడి కళ్లు మూసుకుపోయాయి.

అరీతా కళ్లు తెరిచే ఉన్నాయి. ఎలక్ట్రిక్ పియానో తడబడుతున్నట్టు మొదలవుతుంది. ఆమె వస్తూనే నువ్వు పనికిమాలినవాడివి, అబద్ధాలకోరువి, మోసగాడివి అని దులిపేస్తుంది. స్నేహితులు వద్దంటున్నారు. వదలగలిగితే ఎప్పుడో వదిలేదాన్నని వాళ్లకు తెలియదు అంటుంది. ఆ ఒక్క మాట దగ్గరే పర్సీ ఓడిపోతాడు. (పెళ్లిళ్లలో మాత్రం పర్సీనే పెట్టండి, అరీతాను పెడితే పెళ్లివారు మొహాలు చూసుకుంటారు.) పాప్ పట్టికలో ఈ పాటది తొమ్మిదో స్థానమే. అయినా రాత్రి పూట నేను మళ్లీ మళ్లీ పెట్టుకునేది దీన్నే.