గడ్డం లేని డార్విన్

1978లో బీబీసీ తీసిన 'ద వాయేజ్ ఆఫ్ చార్లెస్ డార్విన్' ఏడు భాగాలూ చూసేశాను. పాత సీరియల్, నిద్రొస్తుందేమో అనుకున్నా గానీ, మాల్కమ్ స్టొడార్డ్ వేసిన డార్విన్ మనం పాఠాల్లో చూసిన గడ్డం తాత కాదు, పురుగుల పిచ్చి ఉన్న కుర్రాడు. (రెండు చేతుల్లో రెండు పురుగులుండగా మూడోది కనబడితే, ఒకదాన్ని నోట్లో వేసుకున్నానని ఆయనే రాసుకున్నాడు, అది చేదు ద్రవం చిమ్మిందట!) 22 ఏళ్లకి, 1831లో బీగిల్ అనే ఓడ ఎక్కాడు, ఐదేళ్లూ సముద్రం పడక వాంతులే. నాకు బాగా నచ్చింది కెప్టెన్ ఫిట్జ్‌రాయ్, బానిసత్వం మీద డార్విన్‌తో గొడవపడి మళ్లీ అదే బల్ల దగ్గర భోంచేసే మనిషి. కథ నడక మాత్రం నెమ్మది, ఓడ గలపాగోస్ దీవులు చేరేదాకా ఓపిక పట్టాలి. గ్రాఫిక్స్ అలవాటైన పిల్లలకి చూపించకండి, లేచిపోతారు.