జీడీబీలో డాలర్ గుర్తు: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం

బెంగళూరులో ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్ (పరికరాల లోపలి చిప్పుల మీద నడిచే ప్రోగ్రాములు) పనిలో ఉన్న నేను ఎనిమిదేళ్లుగా దాదాపు ప్రతిరోజూ జీడీబీ వాడుతున్నాను. ఇది డీబగ్గర్, అంటే నడుస్తున్న ప్రోగ్రామును మధ్యలో ఆపి తప్పులు వెతికే పనిముట్టు. ఈ సమీక్ష అందులోని ఒక్క అంశానికే పరిమితం: డీబగ్గింగ్ మధ్యలో మనం సొంతంగా సృష్టించుకునే వేరియబుళ్లకు (విలువలు దాచుకునే చోట్లకు) ఆ పనిముట్టు నిర్ణయించిన పేర్ల పద్ధతి.

జీడీబీలో అలాంటి ప్రతి పేరూ డాలర్ గుర్తుతో మొదలవుతుంది. ఈ గుర్తు అవసరమే. డీబగ్గర్ సొంత పేర్లు, మన ప్రోగ్రాములోని పేర్లు ఒకే చోట కలిస్తే ఏమవుతుందో, విలువలు మార్చే సెట్ కమాండే చూపిస్తుంది. ప్రోగ్రాములో విడ్త్ అనే వేరియబుల్ ఉన్నప్పుడు "సెట్ విడ్త్=47" అని కొడితే, జీడీబీ దాన్ని తన స్క్రీను వెడల్పుకు సంబంధించిన అమరికగా తీసుకుని తప్పు చూపిస్తుంది; "సెట్ వార్ విడ్త్=47" అని రాయాలి. డాలర్ ఉన్న పేర్లతో ఈ బెడద లేదు. రకం (పూర్ణాంకమా, అక్షరమా అన్నది) ముందుగా ప్రకటించే పని కూడా లేదు. శ్రేణిలోని ఒక్కొక్క అంశాన్నీ చూడాలంటే "$ఐ" ని సున్నాగా పెట్టి, ప్రింట్ కమాండులో "$ఐ++" (వాడిన ప్రతిసారీ ఒకటి పెంచమని) అని రాసి, ఆపై అదే కమాండు మళ్లీ నడిచేలా ఎంటర్ నొక్కుతూ పోతే చాలు. ఈ సౌకర్యం నాకు ఎన్ని గంటలు మిగిల్చిందో చెప్పలేను.

అయితే అదే డాలరును మూడు పనులకు వాడటం నాకు నచ్చని విషయం. "$1", "$2" అంటే ఇదివరకు ప్రింట్ చేసిన విలువలు, "$పీసీ", "$ఎస్పీ" అంటే ప్రాసెసర్ రిజిస్టర్లు (ప్రాసెసర్ లోపలే విలువలు ఉంచుకునే చిన్న చోట్లు), మిగిలినవి మనవి. రిజిస్టరుకు ఉన్న పేరు మన వేరియబుల్‌కు దక్కదు, కానీ అది రిజిస్టరు పేరని హెచ్చరించే సందేశమూ రాదు.

దీని వల్ల నాకు రెండు రోజులు పోయాయి. డేటా పంపే ఒక ఫంక్షన్ ఎన్నిసార్లు నడుస్తోందో లెక్కించడానికి, బ్రేక్‌పాయింట్ (ప్రోగ్రాము ఆగాలని మనం గుర్తుపెట్టిన చోటు) దగ్గర "$ఆర్1" ను ఒకటి పెంచి ముందుకు సాగే స్క్రిప్టు రాశాను. ఆర్ అంటే నా దృష్టిలో రీట్రై (మళ్లీ ప్రయత్నం). ల్యాప్‌టాప్ మీద, అంటే ఎక్స్86-64 రకం ప్రాసెసర్‌లో, ఆర్8 నుంచి ఆర్15 వరకు రిజిస్టర్లు ఉన్నా ఆర్1 లేదు కాబట్టి అది చక్కగా నడిచింది. అదే స్క్రిప్టును ఆర్మ్ అనే వేరే రకం ప్రాసెసర్ ఉన్న బోర్డు మీద, ఆప్టిమైజ్ చేసిన (వేగం కోసం కంపైలర్ సవరించిన) బిల్డుతో నడిపినప్పుడు ప్రతి ప్యాకెట్టు చివర ఒక బైటు అదనంగా వెళ్లసాగింది. ఆర్మ్‌లో ఫంక్షన్ రెండో ఆర్గ్యుమెంట్ (ఫంక్షన్‌కు అందించే విలువ) ఆర్1 లోనే వస్తుంది, మా ఫంక్షన్‌లో అది డేటా పొడవు; నా స్క్రిప్టు దాన్నే ఒకటి పెంచుతోంది. నేను డ్రైవర్ కోడ్‌నే అనుమానిస్తూ కూర్చుంటే, అనంతపురం నుంచి వచ్చిన మా జూనియర్ "అన్నా, డీబగ్గర్ లేకుండా నడిపితే ప్యాకెట్లు సరిగానే వస్తున్నాయి, మీ స్క్రిప్టు ఒకసారి చూద్దామా?" అని అడిగాకే సంగతి బయటపడింది.

ఎల్ఎల్‌డీబీ అనే మరో డీబగ్గర్ కూడా డాలరే ఎంచుకుంది కానీ, అక్కడ ఎక్స్‌ప్రెషన్‌లో "ఇంట్ $కౌంట్ = 0" అని రకంతో సహా ప్రకటించాలి. మొదట్లో ఇది చాదస్తంగా తోచింది. ఇప్పుడు కొత్త పేరు పుట్టించడానికీ ఉన్నదానికి విలువ ఇవ్వడానికీ మధ్య ఆ తేడా ఉండటమే మేలనిపిస్తోంది. విండోస్ డీబగ్గరైన విన్‌డీబగ్‌లో రిజిస్టరును ఉద్దేశిస్తున్నామని చెప్పడానికి పేరుకు ముందు అట్ గుర్తు (@) పెట్టవచ్చు. ఆ స్పష్టత నాకు ఇష్టం. మనకు మాత్రం సిద్ధంగా ఇచ్చే పేర్లు "$టీ0" నుంచి "$టీ19" వరకు ఇరవై, వారం తర్వాత తెరిస్తే టీ7 దేనికి వాడామో గుర్తుండదు.

జీడీబీలో ఇంకో లోపం అక్షరదోషాలది. ప్రోగ్రాములోని వేరియబుల్ పేరు తప్పు కొడితే అలాంటి సింబల్ లేదని వెంటనే చెబుతుంది. డాలర్ పేరు తప్పు కొడితే మాత్రం వాయిడ్ (విలువేమీ లేదు) అని చూపి ఊరుకుంటుంది. "షో కన్వీనియన్స్" కొట్టి డాలర్ పేర్ల జాబితా చూసుకోవడమే దీనికి మందు.

ఇన్ని చెప్పినా నేను జీడీబీని వదలలేదు, వదలను కూడా. మా బృందంలో సొంత పేర్లన్నీ "$మై_" తో మొదలవ్వాలని నియమం పెట్టుకున్నాం. ఇతరుల పాత స్క్రిప్టు చేతికొస్తే, బోర్డుకు కనెక్ట్ అయ్యాక, దాన్ని నడపకముందే అందులోని ఒక్కొక్క డాలర్ పేరునూ ప్రింట్ చేసి చూస్తాను. వాయిడ్ అని వస్తే ఆ పేరు ఖాళీగా ఉన్నట్టు; అంకె వస్తే అక్కడ రిజిస్టరు ఉండవచ్చు కాబట్టి పేరు మార్చాకే నడుపుతాను.