నెస్లే, డానోన్, అమూల్: తిండి కంపెనీ ఎవరి చేతిలో ఉంటే మేలు?

మా పెదనాన్నగారింట్లో తెల్లవారుజామున నాలుగున్నరకే గేదెల దగ్గర అలికిడి మొదలయ్యేది. క్యాన్ పట్టుకుని పాల కేంద్రానికి వెళితే అక్కడి కుర్రాడు చిన్న సీసాలో కాసిని పాలు తీసి మెషిన్‌లో పెట్టేవాడు. ఫ్యాట్ ఇంత, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాకుండా పాలలో ఉండే మిగతా ఘనపదార్థం) ఇంత, లీటరుకు ఇంత అని చీటీ వచ్చేది. ఒక వేసవిలో వారం రోజులు వరసగా ఫ్యాట్ పడిపోతూ వచ్చింది. మేత అదే, గేదె అదే. "మెషిన్ ఎంత చూపిస్తే అంతే పెదనాన్నా" అన్నాడు కుర్రాడు. ఆపైన ఎవర్ని అడగాలో పెదనాన్నకు తెలియలేదు.

కార్పొరేట్ గవర్నెన్స్ (కంపెనీని ఎవరు, ఎలా నడపాలనే వ్యవస్థ) అన్న మాట ఎక్కడ చదివినా నాకు ఆ చీటీయే గుర్తొస్తుంది. తేడా వస్తే అడిగే హక్కు ఎవరికుంది? అడిగితే జవాబు చెప్పక తప్పని పరిస్థితి ఎవరికుంది? నెస్లే, డానోన్, అమూల్ మూడూ పాలతో పెరిగిన పెద్ద సంస్థలే. అడిగే హక్కును మాత్రం మూడూ మూడు రకాలుగా పంచాయి.

నెస్లేతో మొదలుపెడతాను. 2024 ఏప్రిల్‌లో పబ్లిక్ ఐ అనే స్విస్ సంస్థ ఒక నివేదిక బయటపెట్టింది. మన దేశంలో నెస్లే అమ్మే పసిపిల్లల ఆహారం సెరెలాక్‌లో ఒక్కో పూటకు సగటున 3 గ్రాముల దాకా చక్కెర కలుపుతున్నారని, జర్మనీ, బ్రిటన్‌లలో అలాంటి వాటిలో కలపడం లేదని అందులో తేలింది. ఇక్కడి నిబంధనల ప్రకారమే చేస్తున్నామంది కంపెనీ. నిబంధన అనుమతించిన మాట నిజమే. కానీ ఒక దేశపు పసివాడికి వద్దనుకున్న చక్కెర ఇంకో దేశపు పసివాడికి ఎందుకు పెట్టాలి? నిబంధన ఉందనడం దీనికి జవాబు కాదు. ఆ తర్వాత అదే ఏడాది, శుద్ధి చేసిన చక్కెర లేని రకాలు తెస్తున్నట్టు కంపెనీ ప్రకటించింది. బయట గొడవ జరిగాక గానీ ఆ కదలిక రాలేదు.

సరిగ్గా నెల తర్వాత, 2024 మేలో, అదే నెస్లే ఇండియాలో ఇంకో సంగతి జరిగింది. స్విట్జర్లాండ్‌లోని మాతృసంస్థకు కట్టే రాయల్టీని (బ్రాండు, పరిజ్ఞానం వాడుకున్నందుకు కట్టే సొమ్మును) అమ్మకాల్లో 4.5 శాతం నుంచి మెల్లగా 5.25 శాతానికి పెంచాలని తీర్మానం పెట్టారు. మాతృసంస్థ చేతిలో 60 శాతం పైగా వాటాలున్నాయి. అయినా ఆ డబ్బు అందుకునేది తనే కాబట్టి ఓటు వేయడానికి వీల్లేదు. అది స్టాక్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ నిబంధన. మిగతా వాటాదారుల ఓట్లలో సగానికి పైగా వ్యతిరేకంగా పడ్డాయి, తీర్మానం వీగిపోయింది. నాకు చాలా నచ్చిన నిబంధన ఇది. లాభపడేవాడు తన పంచాయితీకి తానే పెద్దమనిషిగా కూర్చోకూడదని మన ఊళ్లలో ఎప్పటినుంచో అనుకునేదే.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. రాయల్టీని ఆపడానికి వాటాదారుకు ఓటుంది. చక్కెరను ఆపడానికి తల్లికి లేదు. పంజాబ్‌లోని మోగాలో 1961 నుంచి నెస్లేకు ఫ్యాక్టరీ ఉంది. అక్కడ పాలు పోసే రైతుకూ ఓటు లేదు. అతను సరఫరాదారే తప్ప సభ్యుడు కాడు.

ఫ్రాన్స్ కంపెనీ డానోన్ దీన్ని మార్చాలని నిజంగానే ప్రయత్నించింది. కంపెనీ బాధ్యత ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగిపోదని దాని అధిపతి ఆంత్వాన్ రిబూ 1972లోనే మార్సేలో అన్నాడు. 2020 జూన్‌లో అప్పటి అధిపతి ఎమ్మాన్యుయెల్ ఫాబర్ హయాంలో సమాజం, పర్యావరణం పట్ల బాధ్యతలను కంపెనీ నియమావళిలోనే రాసుకున్నారు. వాటాదారుల ఓట్లలో 99 శాతానికి పైగా దానికి అనుకూలంగా పడ్డాయి. ఆ నవంబరులోనే 2,000 దాకా ఉద్యోగాలు తీసేస్తామన్నారు. షేరు ధర వెనకబడిందని కొందరు పెట్టుబడిదారులు పట్టుబట్టడంతో 2021 మార్చిలో ఫాబర్‌నే పంపేశారు. ఓటేసి తొమ్మిది నెలలు కూడా కాలేదు. నియమావళిలో ఆ మాటలు అలాగే ఉండిపోయాయి. పశువుల నుంచి వచ్చే మీథేన్‌ను 2030 నాటికి 30 శాతం తగ్గిస్తామని 2023లో మాటిచ్చారు కూడా. పర్యావరణం వరకు ఈ మూడింటిలో డానోన్‌కే ఎక్కువ మార్కులేస్తాను. కానీ చివరిమాట వాటాదారుదే.

అమూల్ కథ చాలామందికి తెలిసిందే కాబట్టి క్లుప్తంగా. దళారీకి పాలు పోయబోమని గుజరాత్‌లోని ఖేడా రైతులు భీష్మించుకున్నాక 1946 డిసెంబరులో సంఘం పుట్టింది. ఊళ్లో సంఘం, జిల్లాలో యూనియన్, రాష్ట్రంలో సమాఖ్య. ఊరి సంఘంలో ఒక గేదె ఉన్నా, పది ఉన్నా ఒక్కటే ఓటు. వినియోగదారుడి రూపాయిలో 80 పైసలకు పైగా రైతుకు చేరుతోందని సంస్థ చెబుతుంది. ఇక్కడ ఫ్యాట్ చీటీ తేడా వస్తే, ఎన్నికల్లో ఓటడగడానికి వచ్చినవాణ్ణే నిలదీయొచ్చు.

లోపాలు లేవా అంటే, ఉన్నాయి. సంస్థను నిలబెట్టిన కురియన్ 2006లో జిల్లా ఛైర్మన్లతో పొసగక తప్పుకోవాల్సి వచ్చింది. సంఘం ఎన్నికల్లోకి పార్టీలు దూరితే రైతు ఓటు ఊరి రాజకీయంలో కలిసిపోతుంది. కొనుక్కుని తాగేవాడికి ఇక్కడా ఓటు లేదు. తన కాంట్రాక్టు చర్చకొచ్చినప్పుడు డైరెక్టరు ఓటుకు దూరంగా ఉండాలనే నిబంధన కంపెనీల చట్టంలో ఉన్నంత గట్టిగా ప్రతి పాల సంఘంలోనూ అమలు కావాలని నా కోరిక.

ఇవన్నీ తూచాక కూడా నా మొగ్గు సహకారం వైపే. ఫాబర్ వెళ్లిపోయాక డానోన్ రైతు చేయగలిగింది ఏమీ లేకపోయింది. కురియన్ వెళ్లిపోయాక ఖేడా రైతు ఓటు ఖేడా రైతు దగ్గరే ఉంది. మన దగ్గర ఇందుకు దారి 1995లోనే పడింది. ప్రభుత్వం ఇష్టానుసారం పాలకవర్గాన్ని రద్దు చేయకుండా పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చింది. ఆ చట్టం కిందే ఇప్పటి తెలంగాణలోని ముల్కనూర్‌లో ఆడవాళ్లు తమ డైరీ తామే పెట్టుకుని నడుపుతున్నారు. 2020 చివర్లో అమూల్ ఆంధ్రాకు వచ్చినప్పుడు నేను విన్న చర్చంతా లీటరు రేటు గురించే. సభ్యత్వం ఎవరికి, ఓటు ఎవరికి అన్న ప్రశ్న దానికంటే ముందు రావాల్సింది.

పెదనాన్న ఆ వేసవిలోనే ఒక పని చేశాడు. ఒకే పూట పాలు రెండు క్యాన్లలో పోసి, సగం పాత కేంద్రానికి, సగం పక్క ఊరి సంఘానికి పట్టుకెళ్లాడు. ఒక చీటీ మీద 6.2, రెండో దాని మీద 6.8. పక్క ఊళ్లో సభ్యుల పేర్లు, ఎవరికెంత బోనస్ వచ్చిందో గోడకు అంటించి ఉందట. మర్నాటి నుంచి ఆయన సైకిల్ మీద రెండు కిలోమీటర్లు ఎక్కువ తొక్కాడు.