పీపీఎఫ్: గడువు తీరేదాకా వాడాక నా మాట

టంగుటూరులో మాది ఎరువులు, పురుగుమందుల కొట్టు. 2009 దసరా వెళ్లాక పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్, అంటే ప్రభుత్వం నడిపే పదిహేనేళ్ల పొదుపు పథకం) ఖాతా తెరిచాను. తెరిచిన ఆర్థిక సంవత్సరం ముగిశాకే పదిహేనేళ్ల లెక్క మొదలవుతుంది కాబట్టి, గడువు తీరింది 2024లో కాదు, 2025 ఏప్రిల్ 1న.

నేను చేరినప్పుడు వడ్డీ 8 శాతం. 2012-13లో 8.8 దాకా వెళ్లింది. 2020 ఏప్రిల్‌లో 7.1కి దిగి, అక్కడే కూర్చుంది. పాత పన్ను విధానమైనా, కొత్తదైనా ఆ వడ్డీ మీద పైసా పన్ను లేదు. కట్టిన సొమ్ముకి మినహాయింపు మాత్రం పాత విధానంలో ఉన్నవాళ్లకే. మా ఆడిటర్ నన్ను కొత్తదాంట్లోకి మార్చాక అది పోయింది. అయినా కట్టడం ఆపలేదు.

కిటుకంతా ఐదో తారీఖులో ఉంది. ఐదు నుంచి నెలాఖరు దాకా ఖాతాలో అతి తక్కువగా ఎంత ఉంటే దానికే ఆ నెల వడ్డీ. ఏడాదికి గరిష్ఠం లక్షన్నర. అది ఏప్రిల్ 5లోపు కాకుండా 6న కట్టారనుకోండి, ఇప్పటి రేటున దాదాపు 887 రూపాయలు పోయినట్టే. అందరూ ఏప్రిల్‌లో కట్టమనే చెప్తారు. ఉద్యోగస్తులకు బాగానే ఉంటుంది. మాకు పొగాకు వేలం ఊపందుకుని రైతులు బాకీలు తీరిస్తే గానీ గల్లాపెట్టె నిండదు. అందుకని డబ్బు చేతికొచ్చాక వచ్చే ఐదో తారీఖు దాటకుండా కట్టేస్తాను. చెడ్డ ఏడాదిలో 500 కట్టినా ఖాతా నిలుస్తుంది.

చిరాకు పెట్టేది డబ్బు తీయడం. ఏడో ఆర్థిక సంవత్సరం నుంచి సగం ఇస్తారంటారు. 2018లో అమ్మాయి ఇంజనీరింగ్ ఫీజుకని వెళ్తే, కౌంటర్లో ఆయన పాస్‌బుక్ వెనక్కి తిప్పి 2015 మార్చి 31 నిల్వ మీద వేలు పెట్టాడు. సగం అంటే దాంట్లో సగమట! వెనక్కి నాలుగో ఆర్థిక సంవత్సరం చివరి నిల్వ, నిరుటి ఆర్థిక సంవత్సరం చివరి నిల్వ, రెండింట్లో ఏది తక్కువైతే అదే లెక్క. చీటీ అయితే అవసరానికి పాడుకోవచ్చు, ఇక్కడ ఆ వీలు లేదు. అరువు వ్యాపారం చేసేవాడిగా నాకు నచ్చిందేమిటంటే, నాకు అప్పిచ్చినవాళ్లు కోర్టుకెక్కినా ఈ ఖాతాని జప్తు చేయించలేరు.

గడువు తీరిన ఏడాదిలోపు ఫారం-4 ఇస్తే మరో ఐదేళ్లు కట్టుకోవచ్చు. ఇవ్వకపోతే ఉన్నదానికి వడ్డీ వస్తుంది గానీ కొత్తగా కట్టనివ్వరు. నేను ఇచ్చేశాను.