పసికందుకు ట్యూబు వేయాలంటే: తెర ఉన్న లారింగోస్కోపా, మామూలుదా?

పుట్టగానే ఊపిరి అందని బిడ్డల్లో ఎక్కువమంది మాస్కు, బ్యాగుతోనే తేరుకుంటారు. అది చాలనప్పుడే శ్వాసనాళంలోకి ట్యూబు. ఒక ప్రయత్నానికి గడువు 30 సెకన్లు. ఆలోగా దిగకపోతే ఆపి, మళ్లీ మాస్కు పెట్టాల్సిందే.

ట్యూబు వేసేటప్పుడు గొంతు లోపలికి చూసే పరికరమే లారింగోస్కోపు. మామూలుదానిలో ఉండేవి ఒక పిడి, నోట్లోకి పెట్టి నాలుకను పక్కకు ఎత్తిపట్టే ఒక బ్లేడు, చివర చిన్న దీపం. పసిపిల్లల స్వరపేటిక పెద్దవాళ్లకన్నా పైకి ఉంటుంది. దాని మీది మూత మెత్తగా, పొడుగ్గా వేలాడుతుంది. ఆ మూతను నేరుగా ఎత్తాలి గనుక వంపు బ్లేడు కాదు, తిన్నటి మిల్లర్ బ్లేడే వాడతారు. నెలలు నిండిన బిడ్డకు 1 సైజు, నెలలు తక్కువైతే 0, మరీ చిన్నవాళ్లకు 00. దీని ధర తక్కువ, బ్యాటరీ సెల్స్ ఉంటే చాలు, కరెంటుతో పనిలేదు. చిక్కల్లా ఒకటే: లోపల ఏముందో చూసేది ఒక్కరే. పీజీ స్టూడెంట్ "కనిపిస్తోంది సార్" అంటే పక్కనున్న సీనియర్ నమ్మాలి, లేదా బ్లేడు తన చేతిలోకి తీసుకోవాలి. కనిపించింది శ్వాసనాళమో అన్నవాహికో తేలేది ట్యూబు వేశాకే.

వీడియో లారింగోస్కోపు ఈ చిక్కునే తీరుస్తుంది. బ్లేడు చివర కెమెరా ఉంటుంది, చూసేది తెర మీద. "కొంచెం వెనక్కి లాగు, అది అన్నవాహిక" అని సీనియర్ చెప్పగలరు, నర్సు కూడా చూసి ట్యూబు అందించగలదు. డబ్లిన్‌లోని నేషనల్ మెటర్నిటీ హాస్పిటల్లో రెండింటినీ పోల్చి చూసిన ఫలితాలు 2024లో వచ్చాయి. మొదటి ప్రయత్నంలోనే ట్యూబు పడింది వీడియోతో 74 శాతం మందికి, మామూలుదానితో 45 శాతం మందికి. ఒక్క ఆసుపత్రి లెక్కే అయినా ఇది చిన్న తేడా కాదు.

అయితే దీనికీ తంటాలున్నాయి. నురగ, రక్తం అంటితే కెమెరా మసకబారుతుంది. బొమ్మ చక్కగా కనిపిస్తున్నా ట్యూబు అటు తిరగకపోవచ్చు. బాగా వంపున్న బ్లేడ్లతో ఈ గొడవ ఎక్కువ. అందుకే పసిపిల్లలకు మిల్లర్ ఆకారంలో ఉన్న వీడియో బ్లేడే మేలని నా అభిప్రాయం. తెర ఆగిపోయినా నోట్లోకి నేరుగా చూసి పని కానివ్వవచ్చు, చేతి అలవాటూ పోదు.

ట్యూబు విషయంలో పెద్ద చర్చ అక్కర్లేదు. కిలోలోపు బిడ్డకు లోపలి వ్యాసం 2.5 మి.మీ. ఉన్నది, రెండు కిలోల వరకు 3.0, ఆపైన 3.5. నవజాత శిశువులకు మామూలుగా కఫ్ (ట్యూబు చుట్టూ గాలితో ఉబ్బే బుడగ) లేనివే వాడతారు. స్టైలెట్, అంటే ట్యూబు వంగిపోకుండా లోపల పెట్టే సన్నటి తీగ, అలవాటున్నవాళ్లు వాడుకోవచ్చు. ఆస్ట్రేలియాలో జరిగిన ఒక పరిశీలనలో అది ఉన్నా లేకున్నా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. దాని కొన మాత్రం ట్యూబు దాటి బయటికి రాకూడదు.

మూడో దారి లారింజియల్ మాస్కు, సైజు 1. లారింగోస్కోపే అక్కర్లేదు, వేలితో లోపలికి తోస్తే గొంతులో శ్వాసనాళం ముఖద్వారం మీద కూర్చుంటుంది. గర్భంలో 34 వారాలు దాటి పుట్టిన బిడ్డకు, ట్యూబు వేయగలవాళ్లు దగ్గర లేనిచోట, ఇది పెద్ద అండ. మరీ తక్కువ బరువు పిల్లలకు మాత్రం పనికిరాదు.

ఇక కొనుగోలు వరస. పీజీలు నేర్చుకునే మెడికల్ కాలేజీకి వీడియో లారింగోస్కోపే ముందు. జిల్లా ఆసుపత్రి ఎస్‌ఎన్‌సీయూకైతే (జబ్బుపడ్డ నవజాత శిశువుల ప్రత్యేక వార్డు) నా ఓటు వేరు: ముందు కార్బన్ డయాక్సైడ్ డిటెక్టర్లు, లారింజియల్ మాస్కులు, ఆ తర్వాతే తెర. ట్యూబుకు తగిలించిన డిటెక్టర్ ఊదా నుంచి పసుపుకు మారితే ట్యూబు శ్వాసనాళంలో ఉన్నట్టు. బిడ్డ గుండె మరీ బలహీనంగా ఉంటే సరైన చోటున్నా రంగు మారకపోవచ్చు, అది గుర్తుంచుకోవాలి. మిగతా వేళల్లో మాత్రం ఇంత చిన్న వస్తువు తప్పు ట్యూబును వెంటనే పట్టిస్తుంది.

వీడియో పరికరం కొనేటప్పుడు తెర ఎంత పెద్దదో చూసి మురిసిపోకండి. దాంతో వచ్చే బ్లేడ్లలో 0 సైజు ఉందో లేదో, ఒక్కటి పాడైతే విడిగా దొరుకుతుందో లేదో ముందు అడగండి.