లాంగ్‌హార్న్స్ చరిత్ర వెంట ఆస్టిన్, డల్లాస్ యాత్ర

టెక్సస్ విశ్వవిద్యాలయపు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు లాంగ్‌హార్న్స్ చరిత్రను దగ్గరగా చూడాలనుకునేవారికి రెండు స్థలాలు ముఖ్యం. ఒకటి ఆస్టిన్‌లో జట్టు సొంత మైదానమైన డారెల్ కె. రాయల్ టెక్సస్ మెమోరియల్ స్టేడియం. రెండవది అక్కడి నుండి కారులో ఉత్తరానికి మూడు గంటలకు పైగా ప్రయాణం చేస్తే వచ్చే డల్లాస్‌లోని కాటన్ బౌల్ స్టేడియం. రెండూ చూసిన తరువాత నాకు కలిగిన నిశ్చితాభిప్రాయం ఇది: ఆటగాళ్ళ గణాంకాలు అర్థం కావాలంటే ఆట లేని రోజున ఆస్టిన్‌లో తిరగాలి, ఆ అంకెల కోసం జనం ఎందుకంత తపిస్తారో తెలియాలంటే అక్టోబరులో డల్లాస్‌కు వెళ్ళాలి.

ఆస్టిన్ స్టేడియం 1924లో మొదటి ప్రపంచ యుద్ధంలో పాల్గొన్న టెక్సస్ వాసుల స్మారకంగా వెలిసింది. నేడు అందులో లక్ష మందికి పైగా కూర్చోవచ్చు. ఉత్తరపు కొసన ఉన్న క్రీడా ప్రదర్శనశాలలో, దేశంలోని అత్యుత్తమ కళాశాల ఆటగాడికి ఏటా ఇచ్చే హైస్మన్ ట్రోఫీ ఈ విశ్వవిద్యాలయానికి తెచ్చిపెట్టిన ఇద్దరి ఘనత చూడవచ్చు. 1977లో బంతితో 1,744 గజాలు పరుగెత్తిన అర్ల్ క్యాంప్‌బెల్ మొదటివాడు. 1998లో 2,124 గజాలు పరుగెత్తి, 27 టచ్‌డౌన్‌లు (బంతితో ఎదుటి జట్టు చివరి గీత దాటడం) చేసిన రికీ విలియమ్స్ రెండవవాడు. నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు జరగడమే గగనమయ్యే ఈ ఆటలో, ఎదురుగా నిలిచిన పదకొండు మందిని దాటుకుంటూ ఒక ఆటగాడు ఒకే సీజన్‌లో దాదాపు రెండు కిలోమీటర్లు పరుగెత్తాడంటే, మైదానాన్ని కళ్ళారా చూస్తున్నప్పుడే ఆ అంకె బరువు తెలుస్తుంది.

విలియమ్స్ రికార్డు పుట్టింది కూడా ఈ గడ్డ మీదే. 1998 నవంబరు 27న, చిరకాల ప్రత్యర్థి టెక్సస్ ఎ అండ్ ఎం జట్టుతో జరిగిన ఆటలో, మొదటి పావుభాగంలోనే ఆయన 60 గజాల పరుగుతో టచ్‌డౌన్ చేసి, కళాశాల జీవితం మొత్తంలో పరుగెత్తిన గజాలకు టోనీ డోర్సెట్ అనే ఆటగాడి పేర 6,082 వద్ద ఇరవై రెండేళ్ళుగా నిలిచి ఉన్న జాతీయ రికార్డును దాటాడు. ఆనాడు మొత్తం 259 గజాలు పరుగెత్తగా టెక్సస్ 26-24తో గెలిచింది. కళాశాల జీవితం ముగిసేసరికి ఆయన లెక్క 6,279 గజాలు. ఆ రికార్డును మరుసటి ఏడాదే విస్కాన్సిన్ ఆటగాడు రాన్ డేన్ అధిగమించాడు. అయితే 2002కు ముందు సీజన్ చివర జరిగే బౌల్ ఆటల గజాలను అధికారిక లెక్కలో కలిపేవారు కారు కనుక, పాత ఆటగాళ్ళను నేటివారితో పోల్చేటప్పుడు ఈ తేడాను తప్పక గమనించాలి. ఇంతటి ముఖ్యమైన వివరణను సందర్శకుడు వెతుక్కోనక్కరలేకుండా అంకెల పక్కనే పెద్ద అక్షరాలలో పెట్టాలని నా కోరిక.

జట్టు అభిమానులు అన్నిటికన్నా మిన్నగా చెప్పుకునే ఘట్టం మాత్రం ఆస్టిన్‌లో జరిగినది కాదు. 2006 జనవరి 4న, కాలిఫోర్నియాలోని పాసడీనాలో, రోజ్ బౌల్ వేదికగా, వరుసగా 34 ఆటలు గెలిచి వచ్చిన యు.ఎస్.సి. (సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం) జట్టుపై జాతీయ విజేత పట్టం కోసం ఆడిన ఆట అది. ఏడు నిమిషాల లోపే మిగిలి ఉండగా టెక్సస్ 26-38తో వెనుకబడి ఉంది. చివరకు నాలుగవ ప్రయత్నంలో, ఇంకా ఐదు గజాలు కావలసి ఉండగా, బంతి విసిరి దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్ విన్స్ యంగ్ బంతి విసిరే వీలు చిక్కక కుడివైపుగా తానే ఎనిమిది గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. అప్పటికి గడియారంలో మిగిలినవి 19 సెకన్లు. టెక్సస్ 41-38తో గెలిచింది. ఆ ఒక్క రాత్రి యంగ్ విసిరిన బంతులతో 267 గజాలు, కాళ్ళతో 200 గజాలు సాధించాడు. నా దృష్టిలో ఈ జట్టు చరిత్రలో దీనికి సాటి వచ్చే వ్యక్తిగత ప్రదర్శన మరొకటి లేదు. క్యాంప్‌బెల్ అభిమానులు నాతో ఏకీభవించకపోవచ్చు.

సొంత మైదానంలో ఆట ఉన్న శనివారాలలో ఆస్టిన్ స్వరూపమే మారిపోతుంది. స్టేడియం పక్కనే శాన్ హసింటో వీధిలో ఉచితంగా జరిగే సంబరానికి, జట్టుకు గుర్తుగా నిలిచిన బీవో అనే పొడవు కొమ్ముల ఎద్దును ఊరేగింపుగా తీసుకువస్తారు. పిల్లలతో వెళ్ళేవారు ఆట టికెట్ దొరకకపోయినా దీనిని చూడవచ్చు. సెప్టెంబరు ఎండ మన వైశాఖపు ఎండకు తీసిపోదు. మధ్యాహ్నపు ఆటలకు తూర్పువైపు కూర్చుంటే సూర్యుడు నేరుగా ముఖాన కొడతాడు. కొంత ఎక్కువ పెట్టి అయినా పడమటివైపు సీట్లు తీసుకోవడం మేలు. పారదర్శకమైన సంచులను తప్ప లోపలికి అనుమతించరు. లోపల శాకాహారులకు ఎక్కువగా దొరికేవి పాప్‌కార్న్, నాచోస్, ప్రెట్జెల్ వంటి చిరుతిళ్ళు కనుక ముందే భోజనం చేసి వెళ్ళాలి.

బస విషయంలో రెండు దారులున్నాయి. శాసనసభ భవనం చుట్టుపక్కల ఉంటే స్టేడియానికి నడిచి వెళ్ళవచ్చు; కానీ ఆట వారాంతాలలో అక్కడి గది అద్దెలు రెట్టింపును దాటుతాయి, చాలాచోట్ల రెండు రాత్రులకు తక్కువైతే గది ఇవ్వరు, రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి రాదు. మేము దిగిన చోట అంత అద్దె తీసుకుని కూడా కారు నిలిపినందుకు విడిగా వసూలు చేశారు. ఉత్తరాన రౌండ్ రాక్, సీడర్ పార్క్ వైపు బస చౌక. పైగా అక్కడ తెలుగు కుటుంబాలు ఎక్కువ కనుక ఇడ్లీ, పప్పన్నం దొరుకుతాయి. ఆ వైపు నుండి నగరంలోకి మెట్రోరైలు ఉంది గాని, రాత్రి ఆట చూసి తిరిగి వచ్చేవారు ఆఖరి బండి వేళను ముందే తెలుసుకోవాలి. కుటుంబంతో వెళ్ళేవారికి నేను రెండవ దారినే సూచిస్తాను.

డల్లాస్ అనుభవం పూర్తిగా వేరు. పొరుగు రాష్ట్రపు ఓక్లహోమా విశ్వవిద్యాలయం జట్టుతో ఏటా జరిగే పోరు ఇరు జట్ల సొంత ఊళ్ళలో కాక, టెక్సస్ రాష్ట్ర సంత జరిగే ఫెయిర్ పార్క్‌లోని కాటన్ బౌల్‌లో జరుగుతుంది. సరిగ్గా మైదానం నడుమ ఉండే యాభై గజాల గీత దగ్గర స్టేడియం రెండుగా చీలి, ఒకవైపు టెక్సస్ అభిమానుల ముదురు నారింజ, మరొకవైపు ఓక్లహోమా అభిమానుల ముదురు ఎరుపు నిండిపోతుంది. డల్లాస్‌వాసి డోక్ వాకర్ 1940లలో అక్కడి సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయం (ఎస్.ఎం.యు.) తరఫున ఆడుతూ రప్పించిన జనం వల్లనే ఈ స్టేడియాన్ని పెంచవలసి వచ్చింది. 1998 సెప్టెంబరులో వాకర్ కన్నుమూశాడు. కొద్ది రోజులకే ఇక్కడ ఓక్లహోమాతో ఆడిన విలియమ్స్, ఆ పెద్దాయనతో తనకున్న స్నేహానికి గుర్తుగా తన 34 బదులు వాకర్ నంబరు 37 ధరించి 139 గజాలు పరుగెత్తాడు. గణాంకాల పట్టికలో ఆ 139 సాధారణమైన అంకె. ఆ మెట్ల మీద కూర్చుని తలచుకున్నప్పుడు నాకు 259 కన్నా అదే గొప్పగా తోచింది.

ఆట టికెట్‌తోనే సంతలోకి ప్రవేశం కూడా లభిస్తుంది కనుక ఖర్చు గిట్టుబాటవుతుంది. కారు తీసుకుపోవడం మాత్రం వృథా శ్రమ. నగర రవాణా సంస్థ డార్ట్ నడిపే గ్రీన్ లైన్ రైలు నేరుగా ఫెయిర్ పార్క్ ద్వారం దగ్గర దింపుతుంది. తిరుగు ప్రయాణంలో రద్దీ ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఆట ముగిసిన వెంటనే పరుగెత్తకుండా ఒక గంట సంతలో గడిపి వెళ్ళడం నయం. అక్కడ అందరూ తినే కార్న్ డాగ్ పేరు చూసి మొక్కజొన్న వంటకమని శాకాహారులు పొరబడకూడదు. లోపల ఉండేది మాంసమే. బసకు అర్వింగ్ అనుకూలం: రైలు సౌకర్యం ఉంది, తెలుగు భోజనశాలలూ దగ్గరే. ఫ్రిస్కోలో బంధువుల ఇల్లు ఉన్నవారు రైలు స్టేషన్ వరకు కారులో వచ్చి, అక్కడ దానిని నిలిపి రైలెక్కవచ్చు. ఈ ఆట టికెట్లు విశ్వవిద్యాలయాల ద్వారానే ముందు అమ్ముడుపోతాయి. మిగిలినవారు పునర్విక్రయంలో ఎక్కువ ధర పెట్టవలసిందే. డబ్బు సరిపోకపోతే ఆస్టిన్‌లో చిన్న జట్టుతో జరిగే ఆటకు తక్కువ ధర టికెట్ కొని, అక్టోబరు పోరును టీవీలో చూడమని చెబుతాను.