ఆరేళ్ల వెజ్ టాన్ తోలు, మా పెరటి బోరు నీళ్లు

నా నడుముకున్న బెల్టు 2019లో నేనే కోసి కుట్టుకున్నది. అప్పుడు బిస్కెట్ రంగు, ఇప్పుడు పాత తేనె రంగు. ఆ రంగు మారడం చూసే వెజ్ టాన్ తోలంటే, అంటే మొక్కల రసాలతో పదును చేసిన తోలంటే, పిచ్చి పట్టింది. రెండేళ్లపాటు అడిగినవాడికీ అడగనివాడికీ అదే కొనమని చెప్పాను. క్రోమియం లవణాలతో పదును చేసే క్రోమ్ తోలు రెక్సిన్‌కి అన్నయ్య లాంటిదని వెక్కిరించాను కూడా. ఆ మాటల్లో కొన్నిటిని ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. అన్నీ కాదు.

మందం ఎంత, అడుగు ధర ఎంత, ఏ సూది, ఏ దారం లాంటివి ఎక్కడైనా దొరుకుతాయి. నేను చెప్పదలచింది ఒక్కటే: ఈ తోలుకీ ఇనుముకీ పడదు. పడదనడం కూడా తప్పేమో, మరీ ఎక్కువ పడుతుంది.

మాది ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చిపోయాక మా వీధికి రోజుల తరబడి కుళాయి రాలేదు. ఆ అవస్థ మళ్లీ పడలేక పెరట్లో బోరు వేయించాం. నీళ్లు బాగానే పడ్డాయి గానీ, బకెట్లో పట్టి ఉంచితే పొద్దుటికి అడుగున ఎర్రమడ్డి. తెల్ల బనీన్లు రెండు నెలల్లో టీ రంగుకొచ్చాయి. తాగడానికీ వంటకీ కుళాయి నీళ్లు, మిగతా అన్నిటికీ బోరు అని ఇంట్లో తీర్మానమైంది. నా తోలు పని ఆ ‘మిగతా’లోకి వచ్చింది. బెల్టు కుట్టినప్పుడు తోలు తడిపే పని లేదు కాబట్టి ఏ గొడవా తెలియలేదు.

2021 డిసెంబరు నెలాఖరున మా బావగారి రిటైర్మెంట్. కాగితాలు పెట్టుకోడానికి ఒక ఫోల్డరు చేసి, దాని మీద మహేంద్రగిరి కొండ గీత చెక్కి ఇద్దామనుకున్నాను. ఆయన ఉద్యోగమంతా ఆ కొండ చుట్టూ ఊళ్లలోనే గడిచింది. వెజ్ టాన్ గొప్పతనం ఇక్కడే. తడిపి గీత గీస్తే, అచ్చు గుద్దితే, ఆరాక అలాగే నిలిచిపోతుంది. క్రోమ్ తోలు మీద ఎంత గుద్దినా కాసేపటికి మళ్లీ పొంగి సాపు అయిపోతుంది. సరే, గేదె తోలు ముక్కను బోరు నీళ్లతో తడిపి, చుట్టుకుపోకుండా మీద స్టీలు స్కేలు బరువుగా పెట్టి, స్కేలుతో సహా పాలిథిన్‌లో చుట్టి పడుకున్నాను. రాత్రంతా అలా ఉంటే తడి లోపలికి సమంగా దిగుతుంది, పొద్దున కత్తి హాయిగా నడుస్తుంది.

పొద్దున విప్పితే ముక్కంతా వాన మబ్బు రంగు. నడుమ అడుగు పొడవున, స్కేలు అంచులతో సహా, కాటుక తీసి గీసినట్టు నల్లటి పట్టీ. తడి ఆరితే పోతుందేమో అనుకున్నాను. ఆరాక ఇంకా బాగా కనిపించింది.

“ఏటి నాయినా ఇది, మసి గానీ పూసినావేటి?” అంది అమ్మ.

తోలు పంపినాయనకి ఫోన్ చేసి నాలుగు మాటలన్నాను. “మా సరుకులో లోపం లేదండీ, మీ నీళ్లు ఓసారి చూసుకోండి” అన్నాడాయన. నీళ్లలో ఏముంటుందని కోపంగా ఫోన్ పెట్టేశాను. (తర్వాత క్షమాపణ చెప్పాను. ఆయన నవ్వి, ఇంకో ముక్క డబ్బులకే పంపాడు.)

సంగతి విప్పింది అమ్మే. మర్నాడు ఉసిరికాయలు తరుగుతోంది. మా ఇంట్లో ఇప్పటికీ పాత ఇనప కత్తిపీటే. పావుగంటలో ఆమె వేళ్లు, కాయ ముక్కల అంచులు నల్లబడ్డాయి. వేళ్లు నా మొహం ముందు పెట్టి, “ఇదిగో నీ తోలు” అంది. అరటికాయ తరిగినా ఇంతే కదా, చిన్నప్పటి నుంచి చూస్తున్నదే! వెజ్ టాన్ అంటే చెట్ల బెరడు, కరక్కాయ లాంటివాటి వగరుతో పదును చేసిన తోలు. ఆ వగరే టానిన్. వగరుకి తడి, ఇనుము తోడైతే నలుపు. నా స్కేలు పేరుకే స్టీలు, అంచులంతా తుప్పు. నీళ్లలో ఇనుము సరేసరి. నమ్మకం కుదరక మూడు చిన్న ముక్కల మీద వేసి చూశాను. క్యాన్ నీళ్లు పోసిన ముక్క బాగుంది, బోరు నీళ్లది బూడిదరంగు, బోరు నీళ్లు పోసి మేకు పెట్టినది నల్లగా మచ్చ.

నిమ్మరసం రాస్తే ఆ మబ్బు రంగు పది నిమిషాల్లో కరిగిపోయింది. చూస్తూ ఉండగానే పోవడం నిజంగా ముచ్చటేసింది. స్కేలు పట్టీ మాత్రం నీడలా మిగిలిపోయింది. ఇంక రెండు వారాలే టైముంది. మచ్చ పోనప్పుడు మొత్తం మచ్చే చేసేద్దామని, తుప్పు మేకులు వినెగర్‌లో వారం నానబెట్టి ఆ నీళ్లు ముక్కంతా పూశాను. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్ల నలుపు కూడా ఈ దారిదే. గుడ్డను కరక్కాయ, పాలలో ముంచి ఆరబెట్టి, ఇనుము బెల్లం కలిపి పులియబెట్టిన నీటితో గీస్తారు. నాకది తర్వాత తెలిసింది, తెలిశాక కాస్త గర్వపడ్డాను.

ఆ నలుపు పైపూత కాదు. కొన్న నల్లరంగు చొక్కాకి అంటుకునేది, ఇది అంటలేదు. బావగారు అందరికీ చూపించారు. ఇంకేం, ఇంతకన్నా మంచి నలుపు లేదని నేను ఊరంతా చాటాను.

2023 చివర్లో వాళ్లింటికి వెళితే ఫోల్డరు మడత దగ్గర చీలికలు. రంగేసిన తర్వాత వంట సోడా కలిపిన నీళ్లతో కడిగి పులుపు విరిచి, ఆరాక నూనె పట్టించాలి. నేను రెండూ చేయలేదు. నిమ్మరసం పులుపు మీద వినెగర్ పులుపు, తోలు ఏం చేస్తుంది పాపం. ఆయన నన్నేమీ అనలేదు. సెల్లో టేపు అంటించి వాడుకుంటున్నారు, నేను వెళ్లినప్పుడు ఆ వైపు కిందకి పెడతారు.

మేకులు నానబెట్టిన ఈ నీళ్లు చిన్న సీసాలో వేసుకుని తోలు కొనడానికి వెళ్లడం అలవాటైంది. ముక్క మూల మీద చుక్క వేస్తే వెజ్ టాన్ అయితే వెంటనే నల్లబడుతుంది. బరంపురంలో ఒక కొట్లో అలా పరీక్ష చేసి, నల్లబడింది కదా అని ధీమాగా కొన్నాను. ఇంటికొచ్చి అచ్చు గుద్దితే నిలవలేదు. కోసిన అంచు చూస్తే నడుమ నీలంగా ఉంది. ముందు క్రోమ్‌తో పదును చేసి, ఆ తర్వాత కొంత బెరడు రసం పట్టించిన తోలది. చుక్కకి అదీ నల్లబడుతుందని తెలియదు నాకు. కొట్లో ఒడియాలో బేరమాడి, ఇంట్లో తెలుగులో తిట్టుకున్నాను, నన్నే. ఇప్పుడు చుక్క వేయడంతో పాటు అంచు కూడా చూస్తాను.

క్రోమ్ గురించి కూడా చెప్పాలి. మా అమ్మాయి బ్యాగు క్రోమ్ మేక తోలుతో కుట్టాను, అదీ తను పట్టుబట్టి మెత్తటిది కావాలంటే. మూడు వానాకాలాలు పాతపట్నం బస్సుల్లో తడిసింది. ఇంటికొచ్చి గుడ్డతో తుడుస్తుంది, అంతే. అదే సమయంలో బీరువాలో భద్రంగా దాచిన నా వెజ్ టాన్ బ్యాగుకి భాద్రపదంలో రొట్టెకి పట్టినట్టు బూజు. తుడిచి నీడలో ఆరబెడితే బూజు పోయింది, మచ్చలు పోలేదు. ఆ రెండు బ్యాగుల్నీ పక్కపక్కన పెట్టి అమ్మాయి ఏమీ అనకుండా నిలబడింది.

కాబట్టి వానలో తిరిగే వస్తువు, మెత్తగా వేలాడాల్సిన సంచి అయితే నేనిప్పుడు క్రోమే కొంటాను. బెల్టు, పర్సు, కత్తి ఒర, ఏదైనా చెక్కాల్సిన పని అయితే వెజ్ టానే. నాకు తీరిక ఉంది, నెలకోసారి నూనె రాసే ఓపిక ఉంది. అమ్మకానికి చేసేవాళ్లకి ఈ లెక్క కుదరకపోవచ్చు. మీ నీళ్లలో ఇనుము లేకపోతే నేను పడ్డ బాధల్లో సగం మీకు ఉండవు కూడా.

నేను మాత్రం ఆషాఢంలో డాబా మీద టార్పాలిన్ కట్టి వాన నీళ్లు ప్లాస్టిక్ డ్రమ్ములో పడుతున్నాను, తోలు తడపడానికని. ఆ నీళ్లతో కందిపప్పు మెత్తగా ఉడుకుతుందని అమ్మ కనిపెట్టింది. ఈసారి నా వాటాకి రెండు సీసాలే మిగిలాయి.